చోక్ తీయగానే ఆగిపోయే ఏటీవీ: కార్బురేటర్ మార్చే ముందు పైలట్ జెట్ చూడండి

మీ ప్రశ్న చదవగానే పోయినేడాది శంకర్‌పల్లి దగ్గర మా బావగారి తోటలో నేను పడ్డ తిప్పలే గుర్తొచ్చాయి. మొయినాబాద్‌లో మీ 110 సీసీ ఏటీవీ (తోటల్లో, మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) వానాకాలమంతా షెడ్డులోనే ఉందన్నారు. ఇప్పుడు చోక్ వేస్తేనే స్టార్ట్ అవుతోంది, తీయగానే ఆగిపోతోంది, మెకానిక్ కొత్త కార్బురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు పంపే భాగం) వేయాల్సిందే అంటున్నాడు. అప్పుడే వేయించకండి. మీరు చెప్పిన లక్షణాల్ని బట్టి చూస్తే పైలట్ జెట్ మూసుకుపోయి ఉంటుందని నా గట్టి అనుమానం.

చోక్ వేస్తే లోపలికి వెళ్లే గాలి తగ్గి, పెట్రోలు వాటా పెరుగుతుంది. అలా ఉంటేనే ఇంజన్ నిలబడుతోందంటే, మామూలుగా అందాల్సిన పెట్రోలు దానికి అందడం లేదు. ఐడ్లింగ్‌లో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు, ఆ పెట్రోలు వచ్చేది పైలట్ జెట్ నుంచి. కొందరు మెకానిక్‌లు దాన్నే స్లో జెట్ అంటారు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. నాలుగు నెలలు నిలబడ్డ పెట్రోలు ఆవిరై జిగురు మిగిలితే మొదట మూసుకునేది అదే. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాల్లోని తేమను లాక్కుంటుంది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎంత చెమ్మగా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

విప్పడానికి ముందు ఒక చిన్న పని చేయండి. కార్బురేటర్ అడుగున ఉండే గిన్నెకు, అంటే ఫ్లోట్ బౌల్‌కు, డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని కింద గాజు సీసా పెట్టి, పెట్రోల్ కాక్ (ట్యాంకు కింద పెట్రోలును వదిలే, ఆపే మీట) ఆన్ చేసి స్క్రూ వదులు చేయండి. పెట్రోలు ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వచ్చి ఆగిపోతే తప్పు కార్బురేటర్‌ది కాకపోవచ్చు, ముందు ట్యాంకు మూత గాలి రంధ్రం, కాక్‌లోని జాలీ, పైపు చూడండి. సీసాను అయిదు నిమిషాలు కదలకుండా ఉంచి వెలుతురులో చూడండి. మాకు అడుగున వేరే పొరలా, కొంచెం మసకగా అర అంగుళం నీరు కనిపించింది. అలా ఉంటే ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేయాల్సిందే. పాత పెట్రోలుతోనే కార్బురేటర్ కడిగి బిగిస్తే వారంలో మళ్లీ మొదటికే వస్తుంది.

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ కూడా ఒకసారి చూడండి. ఎలుకలు ఫిల్టర్ డబ్బాలో గూడు పెట్టడం తోటల్లో మామూలే. ఇంకోటి, కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య మేనిఫోల్డ్ దగ్గర గాలి లీకవుతున్నా ఇవే లక్షణాలు వస్తాయి. సగం చోక్‌లో ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకు చుట్టూ కొంచెం నీళ్లు స్ప్రే చేయండి, శబ్దం మారితే లీకు అక్కడే.

ఇక మా అనుభవం. బావగారు పిలిపించిన మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి, కార్బురేటర్ క్లీనర్ స్ప్రే లోపలికి కొట్టి, గట్టిగా రేస్ ఇచ్చి వెళ్లిపోయాడు. రెండు రోజులు నడిచింది, మళ్లీ అదే. పైనుంచి కొట్టిన స్ప్రే పైలట్ జెట్ దాకా సరిగ్గా చేరదు. అప్పుడు నేనే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి క్లీనర్ డబ్బా, మొన బాగా కూర్చునే స్క్రూడ్రైవర్లు కొనుక్కొచ్చి విప్పాను. మొదటిసారి, రేస్ ఇచ్చినప్పుడు పెట్రోలు పంపే మెయిన్ జెట్ ఒక్కటే శుభ్రం చేసి బిగించాను. తేడా ఏమీ లేదు. పైలట్ జెట్ పక్కనే ఒక గొట్టం లోపల లోతుగా ఉంటుంది. టార్చ్ వేసి చూస్తే గానీ అక్కడొక ఇత్తడి స్క్రూ ఉందని తెలియలేదు. సన్నని స్క్రూడ్రైవర్ నిటారుగా పెట్టి, గట్టిగా అదిమి తిప్పితే వచ్చింది. తల అరిగిందంటే ఇక రాదు, తొందరపడకండి. కొన్ని చౌక కార్బురేటర్లలో ఈ జెట్‌ను లోపలే నొక్కి బిగించేస్తారు, అప్పుడు దాన్ని అక్కడే ఉంచి క్లీనర్‌తో కడగాలి.

ఆ జెట్‌ను ఆకాశం వైపు పట్టుకుని ఒక కన్ను మూసి చూశాను. చీకటి. క్లీనర్‌లో అరగంట నానబెట్టి, కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి మెల్లగా దూర్చాను. ఆకుపచ్చగా, బంకలా ఉన్న పొర బయటికొచ్చింది. మళ్లీ పట్టుకుని చూస్తే సూది మొనంత గుండ్రటి వెలుగు కనిపించింది. పిన్నీసు గానీ ఇనప తీగ గానీ వాడొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు.

జెట్ ఒక్కటీ తీస్తే సరిపోదు, అది కూర్చునే దారి కూడా తెరుచుకోవాలి. ఖాళీ రంధ్రంలో స్ప్రే కొడితే, ఇంజన్ వైపు గొట్టం అంచున ఉన్న సన్నని చిల్లులోంచి చిమ్మాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, అది ఎటు నుంచి ఎగజిమ్ముతుందో చెప్పలేం. స్ప్రే కొట్టే ముందు రబ్బరు రింగులు, ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మీద తేలే బుడ్డి), దాంతో కదులుతూ పెట్రోలు దారి మూసే సూది అన్నీ తీసి పక్కన పెట్టాలి. క్లీనర్ తగిలితే రబ్బరు ఉబ్బిపోయి మళ్లీ గాడిలో కూర్చోదు.

కార్బురేటర్ పక్కనుండే మిక్చర్ స్క్రూను (ఐడ్లింగ్‌లో పెట్రోలు, గాలి పాళ్లు సర్దేది) తీసే ముందు, లోపలికి మెల్లగా ఆనే వరకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. బిగించేటప్పుడు అన్నే చుట్లు వెనక్కి తిప్పాలి. మాది చుట్టున్నర ఉండింది. ఆ స్క్రూ ఇంజన్ వైపు ఉంటే బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలి పెరుగుతుంది. ఇది తెలియక ఉల్టా తిప్పి చాలామంది ఇబ్బంది పడతారు. స్వచ్ఛమైన పెట్రోలు ఒక వంతు మండాలంటే బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే పాత సెట్టింగుతో ఇప్పటి పెట్రోలు పోస్తే మిశ్రమంలో ఇంధనం కొంచెం తక్కువవుతుంది. అందుకే శుభ్రం చేశాక కూడా ఐడ్లింగ్ సరిగ్గా నిలవకపోతే, పెట్రోలు పెరిగే వైపు పావు చుట్టు తిప్పి చూడండి. మాకు ఆ పావు చుట్టుతోనే కుదిరింది.

ఫ్లోట్ సూది మొనను గోరుతో తడమండి. చుట్టూ గాడిలా తగిలితే మార్చేయండి, ఖరీదైన వస్తువేం కాదు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ సూది సరిగ్గా మూసుకోకపోతే పెట్రోలు పొంగి ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది, లేదా సిలిండర్ దాటి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మీ బండి నాలుగు నెలలు కాక్ ఆన్‌లోనే ఉండిపోయి ఉంటే, సెల్ఫ్ కొట్టకముందే ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. లెవల్ పెరిగి పెట్రోలు వాసన కొడితే ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడయ్యే ఖర్చు కార్బురేటర్‌తో ఆగదు.

ఈ పనంతా షెడ్డు బయట, గాలి ఆడేచోట, బ్యాటరీ వైరు తీసేసి చేయండి. దగ్గర్లో ఎవరూ బీడీ వెలిగించకుండా చూసుకోండి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి, ముఖ్యంగా స్లైడ్‌లోని (రేస్ ఇస్తే పైకి లేచే ముక్కలోని) సూదికి క్లిప్పు ఏ గాడిలో ఉందో.

బాగయ్యాక, రెండు వారాలు మించి బండి తీయరని తెలిస్తే కాక్ ఆఫ్ చేసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. తర్వాత డ్రెయిన్ స్క్రూ తీసి గిన్నెలో మిగిలిందీ వంపేయండి. మా తోటలో ఇప్పుడు ఆ పని కాపలా ఉండే తాత చేస్తున్నాడు, ఈ వానాకాలం దాటాక ఏటీవీ రెండో సెల్ఫ్‌కే అందుకుంది.

మీ కార్బురేటర్ మీద అచ్చుపోసిన అక్షరాలు, నంబరు ఉంటాయి. అవి ఇక్కడ రాయండి, జెట్ విప్పి తీసే రకమో కాదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.