చిన్న దేశపు రాయబారి దగ్గర కొలువు

చి. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. ఢిల్లీలో ఐస్‌లాండ్ రాయబారి గారి దగ్గర అసిస్టెంటుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇంకో చిన్న యూరప్ దేశం ఎంబసీలో ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఐస్‌లాండ్ జనాభా ఇంచుమించు మన రాజమండ్రి అంత. సొంత సైన్యం లేదు. 2005లో కలాం గారు అక్కడికి వెళ్లొచ్చారు, మరుసటేడే ఢిల్లీలో ఎంబసీ తెరిచారు. పెద్ద దేశాల ఎంబసీల్లో పనికో విభాగం ఉంటుంది. ఇలాంటి చోట రాయబారి, ఆ దేశం వాళ్లు ఒకరిద్దరు, మిగతా అందరూ మనవాళ్లే. పొద్దున మంత్రిని కలిసొచ్చిన మా రాయబారి మధ్యాహ్నం ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగుతూ కనిపించేవారు. దానికి తోడు నేపాల్, శ్రీలంకలకి రాయబారి పని కూడా ఆయన నెత్తినే ఉండేది.

ముందు పేర్లు నేర్చుకో. ఐస్‌లాండ్ వాళ్లకి మనలా ఇంటిపేర్లు దాదాపు ఉండవు. యోన్ కొడుకైతే యోన్సన్, కూతురైతే యోన్స్‌దోత్తిర్. అంటే చివరున్నది తండ్రి పేరు, అసలు పేరు మొదటిదే. అక్కడ అధ్యక్షుణ్ణయినా ఆ పేరుతోనే పిలుస్తారు. బయటివాళ్ల ముందు నువ్వు మాత్రం 'ఎక్సెలెన్సీ' అనే అను. మొగుడూ పెళ్లాం పిల్లలకి తలా ఒక చివరి పేరు ఉంటుంది కనుక హోటల్ గది బుక్ చేసేటప్పుడే ఒకే కుటుంబమని చెప్పు, లేకపోతే రాత్రి రిసెప్షన్ దగ్గర నిలబెడతారు. ఇంకోటి, ఇంగ్లిష్ 'పి'లా కనిపించే అక్షరం ఒకటుంటుంది. అది 'పి' కాదు, 'థ'లా పలుకుతుంది. టికెట్లో టి, హెచ్ అని కొట్టాలి. పాస్‌పోర్ట్ కింది రెండు లైన్లు చూసి కొడితే తప్పు పోదు.

సభల్లో కుర్చీల సంగతి. రాయబారుల వరుసకి దేశం సైజుతో సంబంధం లేదు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం ఎవరు ముందు బాధ్యతలు తీసుకుంటే వాళ్లే ముందు. చిన్న దేశమే కదా అని ఎవరైనా వెనక కుర్చీ వేస్తే గొడవ పడకు, తేదీ చెప్పు చాలు. బల్ల మీద పెట్టే చిన్న జెండా ఒకటి ఎప్పుడూ నీ బ్యాగులో ఉండాలి. ఒకసారి ఒక హోటల్లో మా జెండా బదులు పక్క దేశానిది పెట్టారు. ఫోటోలు తీయడానికి రెండు నిమిషాలుందనగా నా బ్యాగులోదే కాపాడింది. మీకు నార్వేతో తంటా వస్తుంది. మీది నీలం మీద తెల్ల అంచుల ఎర్ర శిలువ, వాళ్లది ఎరుపు మీద తెల్ల అంచుల నీలం శిలువ.

జాతీయ దినం జూన్ 17, ఢిల్లీలో వడగాలుల కాలం. పార్టీ పెడితే లోపలే పెట్టండి. సగం మంది సెలవుల్లో ఉంటారు, వచ్చేవాళ్లెవరో ముందే ఫోన్ చేసి కనుక్కో.

ఫోన్లు కూడా చాలా వస్తాయి. 2024 మార్చిలో ఎఫ్టాతో, అంటే ఐస్‌లాండ్ కూడా ఉన్న నాలుగు యూరప్ దేశాల వాణిజ్య కూటమితో, మన దేశం ఒప్పందం మీద సంతకాలయ్యాక కంపెనీల వాళ్లకీ ఆసక్తి పెరిగింది. యూరోపియన్ యూనియన్‌లో ఉందా అంటారు. లేదు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లో మాత్రం ఉంది. ఐర్లాండ్ అనుకుని చేసేవాళ్లూ తగులుతారు. విసుక్కోకుండా అసలు నంబరు ఇచ్చి పంపించు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్తాను. రాయబారులు మూడు నాలుగేళ్లకి మారిపోతారు. నేను ఆరుగురిని చూశాను. కొత్తవారు రాగానే "పోయినసారి ఎలా చేశాం?" అని అడిగేది నిన్నే. మా మూడో రాయబారి గారు ఒక అధికారికి గాజు గిన్నె బహుమతిగా ఇచ్చారు. నాలుగో ఆయన వచ్చి, అదే మనిషికి అచ్చం అలాంటిదే ఇచ్చారు. ఆ అధికారి నవ్వి "జత కుదిరింది" అన్నాడు. రాసి పెట్టుకోకపోవడం నా తప్పే. ఆ రోజు నుంచి ఎవరికేమిచ్చాం, ఎవరు మాంసం తినరు, ఏ ఆఫీసులో ఎవరిని అడిగితే పనవుతుంది, అన్నీ ఒక పుస్తకంలో రాశాను. దిగిపోయేటప్పుడు దాన్ని నా తర్వాత వచ్చిన అమ్మాయికి అప్పజెప్పాను.

అలాంటిది మీ దగ్గరా ఉందేమో చేరిన రోజే అడుగు. లేదంటే సాయంత్రం ఇంటికొస్తూ దారిలో ఒక లావుపాటి నోట్‌బుక్ కొనుక్కో.

ఇట్లు,
మీ మావయ్య