పాత తెరచాప పడవకి పగుళ్లు పడితే?

ప్రశ్న: అన్నా, గోవాలో సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫైబర్ తెరచాప పడవ కొని తెచ్చినా, మైలవరం డ్యాంలో నడుపుదామని. అడుగున పగుళ్లున్నాయి, ఎంసీల్ పెడితే చాలా?
– ఓ పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: చాలదు తమ్ముడూ, అది పగులు పైపైనే కూర్చుంటుంది, పడవ కాస్త వంగిందంటే ఊడొస్తుంది. ముందు సుత్తి పిడితో అడుగంతా తట్టుకుంటూ పో, టంగుమంటే పర్లేదు, డొల్లగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టే. వెంట్రుకల్లాంటి గీతలు మామూలుగా పైపూతవే, వాటికి భయపడొద్దు. లోతు పగులుని మాత్రం గ్రైండర్‌తో ఏటవాలుగా అరగదీయాల, మందం 5 మిల్లీమీటర్లుంటే చుట్టూ 60 మిల్లీమీటర్ల దాకా, మాస్కు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు, ఆ గాజు దుమ్ము చాలా చెడ్డది. బాగా ఆరనిచ్చి, అసిటోన్‌తో తుడిచి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ పొరలు పొరలుగా ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురుతో అతికించు. పాలిస్టర్ రెసిన్ అనే ఇంకో జిగురు చవకే గానీ పాతదాని మీద అంత గట్టిగా పట్టదు. మన కడప ఎండల్లో కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే పొగలొచ్చి గడ్డకడుతుంది, అందుకే నీడలో, వెడల్పాటి ప్లేట్లో కొంచెం కొంచెమే కలుపుకో.

తెరచాప కూడా చూడు, ఎండకి గుడ్డ కంటే ముందు కుట్లే పోతాయి, గోరుతో గీరితే దారం తెగితే పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టించు, నూలు దారం వద్దు. డ్యాంలో దింపడానికి పర్మిషన్ సంగతి ముందే కనుక్కో.