సూపర్‌వైజర్ నోట్‌బుక్‌లో ఏముంది?

ప్రశ్న: పీణ్యాలో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది మేడమ్. ఆటో కంపెనీలకు బుష్‌లు, పిన్నులు చేసి ఇస్తాం. గతేడాది ఈఆర్‌పీ, అంటే బిల్లులు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేర్, పెట్టించాం. ఇన్‌వాయిస్‌లు చకచకా వస్తున్నాయి, ఆడిటర్ కూడా హ్యాపీ. స్టాక్ మాత్రం ఎప్పుడూ తప్పే. సిస్టమ్‌లో 800 పిన్నులుంటే ర్యాకులో 200 ఉంటాయి. మా సూపర్‌వైజర్‌కి తన పాత నోట్‌బుక్ మీదే నమ్మకం, ఎంత చెప్పినా వదలడు. ఆ అలవాటు ఎలా మాన్పించాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇప్పుడే మాన్పించకండి బాబూ. ముందు ఆ నోట్‌బుక్ చదవండి. మెషిన్లు ఆగాక ఒక సాయంత్రం ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని, టీ తెప్పించి, ఒక్కో పేజీ అడిగి తెలుసుకోండి.

నేను ఉద్యోగంలో చేరింది స్టోర్స్‌లో. బిన్ కార్డులు, అంటే ఒక్కో వస్తువు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని రాసే కార్డులు, రాసేదాన్ని. తర్వాత ఈడీపీ సెక్షన్ (అప్పట్లో కంప్యూటర్ విభాగాన్ని అలా అనేవాళ్లు), ఆ తర్వాత ఇలాంటి సిస్టమ్‌లు పెట్టించే పని. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ముందు నేను అడిగేది, "కంప్యూటర్‌లో కాకుండా ఇంకెక్కడ రాస్తున్నారు?" అనే. నోట్‌బుక్, ఎక్సెల్ షీట్, వాట్సాప్ గ్రూపు, ఏదో ఒకటి బయటికొస్తుంది. సిస్టమ్‌లో చోటు దొరకని పనంతా అందులో ఉంటుంది.

మీ ఆ 600 పిన్నులు లోహపు పూత వేసే ప్లేటింగ్‌కో హీట్ ట్రీట్‌మెంట్‌కో పోయి ఉంటాయని నా అనుమానం. మీలాంటి షాపులు ఆ పనులు బయటే చేయిస్తాయి. డెలివరీ చలాన్ పుస్తకం గేటు దగ్గర, కంప్యూటర్ ఆఫీసులో. బండి వెళ్లిపోతుంది, ఎంట్రీ సాయంత్రానికో శనివారానికో పడుతుంది. ప్లేటింగ్ వాళ్లు 600 ఒకేసారి తిరిగి పంపరు. రెండు మూడు విడతల్లో వస్తాయి, కొన్ని రిజెక్ట్ అవుతాయి, కొన్ని రీవర్క్‌కి మళ్లీ అక్కడికే పోతాయి. ఏ తేదీన ఎవరికి ఎన్ని పోయాయి, ఎన్ని వచ్చాయి, ఎవరికి ఫోన్ చేసి గట్టిగా అడగాలి, ఇదంతా సూపర్‌వైజర్ రాసుకుంటాడు. మరి మీ ఈఆర్‌పీలో జాబ్ వర్క్ మాడ్యూల్, అంటే ఇలా బయట పనికి పంపిన సరుకు లెక్క చూసే భాగం, ఉందా? ఉంటే ఎవరైనా వాడుతున్నారా? డెమో రోజు ఓనరు, అకౌంటెంటు కూర్చుంటారు, సూపర్‌వైజర్ని మెషిన్ దగ్గరే ఉండమంటారు. బిల్లింగ్ బాగా కుదిరి స్టాక్ కుదరకపోవడానికి సగం కారణం అదే.

పైగా ఇది మీ స్టాక్ టెన్షన్‌తో ఆగే విషయం కాదు. జీఎస్‌టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం జాబ్ వర్క్‌కి పంపిన సరుకు ఏడాదిలోపు వెనక్కి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. లేకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కేస్తారు. ఆ వివరాలు ఐటీసీ-04 ఫారంలో ఇవ్వాలి. మీ ఆడిటర్ ఆ ఫారం దేన్ని చూసి నింపుతున్నారో ఒకసారి అడగండి. నోట్‌బుక్ పేజీల ఫోటోలు చూసి అంటే నేనేమీ ఆశ్చర్యపోను!

ఇక చేయాల్సింది. ఒక్కో ప్లేటర్‌ని సిస్టమ్‌లో ఒక్కో స్టోర్‌గా పెట్టించండి. అప్పుడు సరుకు "లేదు" అనకుండా "ఫలానా చోట ఉంది" అని చూపిస్తుంది. చేతిరాత చలాన్ పుస్తకం తీసేసి, గేటు దగ్గర ఒక కంప్యూటర్, ప్రింటర్ పెట్టండి. ఎంట్రీ చేస్తేనే చలాన్ ప్రింటవ్వాలి, చలాన్ ఉంటేనే బండి కదలాలి. తర్వాత ఐటెం కోడ్‌లు. "12 ఎంఎం పిన్", "పిన్ 12", "డోవెల్ 12" అని ఒకే వస్తువుకి మూడు కోడ్‌లు ఉన్నాయేమో వెతకండి, తప్పకుండా ఉంటాయి. ఇది విసుగు పని, వెండర్ చేయడు, మీ వాళ్లే కూర్చోవాలి. పేర్లు కూడా షాప్ ఫ్లోర్‌లో కన్నడ, తెలుగు, హిందీ కలిపి ఏమని పిలుస్తారో అవే పెట్టండి. డ్రాయింగ్ నంబరు చూసి పిన్ను వెతికేవాళ్లెవరూ ఉండరు.

అప్పుడు మెషిన్లు ఆపి స్టాకంతా చేత్తో లెక్కపెట్టి, ఆ అంకెలే ఓపెనింగ్ స్టాకుగా వేయండి. ఒక నెల నోట్‌బుక్, సిస్టమ్ రెండూ నడవనివ్వండి. శనివారం శనివారం రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వస్తే అక్కడ ఎందుకో ఆయన్నే అడగండి. సిస్టమ్ లెక్క కలవడం మొదలైతే రెండుసార్లు రాసే ఓపిక ఆయనకు మాత్రం ఎందుకుంటుంది?

ప్రశ్న: చిక్కపేటలో మాది చీరల హోల్‌సేల్. కొన్న సాఫ్ట్‌వేర్ మా పద్ధతికి సరిపోవడం లేదు. బంధువుల అబ్బాయి, వాడి ఫ్రెండు కలిసి మాకోసమే కొత్తగా రాసిస్తామంటున్నారు. రాయించుకోమంటారా?

జవాబు: మీ పద్ధతిలో ఏది వ్యాపారం, ఏది ఉత్త అలవాటు అన్నది తేల్చుకోండి ముందు. నేత ఊరిని బట్టి, బోర్డర్‌ని బట్టి చీర వెతకడం వ్యాపారం. బిల్లు నంబరు ఎడమ పక్కనే ఉండాలనడం అలవాటు. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ ఎస్‌ఏపీ అనే రెడీమేడ్ ప్యాకేజీతో 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టును 2018లో ఆపేసింది. సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని అక్కడి పత్రికలు రాశాయి. వాళ్లు స్టాకుని కొన్న ధరతో లెక్కగడతారు, ఆ ప్యాకేజీ మామూలుగా అమ్మే ధరతో గడుతుంది. వాళ్ల పద్ధతి మార్చుకోలేదు, ప్యాకేజీనే మార్పిస్తూ పోయారు. అంత పెద్దవాళ్లకే చేతకాలేదు.

బిల్లింగ్, పన్నులు రెడీమేడ్‌కే వదిలేయండి. 2025లో జీఎస్‌టీ శ్లాబుల మార్పు సెప్టెంబరు 3న ప్రకటించి 22 నుంచి అమలు చేశారు. ఈ-ఇన్‌వాయిస్ 2020లో 500 కోట్ల టర్నోవరు పైవాళ్లతో మొదలై 2023 ఆగస్టుకి 5 కోట్లకు దిగింది. ఇలాంటి మార్పు మళ్లీ వచ్చే రోజుకి మీ అబ్బాయి ఏ దేశంలో ఉంటాడో! చీరలు వెతికే చిన్న యాప్ మాత్రం వాళ్లతో హాయిగా రాయించుకోండి. కోడ్, పాస్‌వర్డ్‌లు మీకే అప్పగించాలని కాగితం మీద రాయించుకోండి. బంధువులు కాబట్టి మరీ ముఖ్యం.

ప్రశ్న: మాకు బెంగళూరులో నాలుగు స్వీట్ షాపులు ఉన్నాయి. దసరాకి ముందే అన్నిట్లో కొత్త సిస్టమ్ పెట్టేద్దామని వెండర్ అంటున్నాడు.

జవాబు: వద్దు. అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ నాలుగేళ్ల పనిని 30 నెలలకు కుదించి, మూడు సాఫ్ట్‌వేర్లను కలిపి 1999 జూలైలో మొదలుపెట్టింది. అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ వాళ్లకు పెద్ద సీజన్. సరుకు ఉండి కూడా 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది.

మీ నాలుగు షాపుల్లో రద్దీ తక్కువగా ఉండేదాన్ని ఎంచుకుని, అందులో మాత్రమే ఆషాఢంలో మొదలుపెట్టండి. మిగతా మూడూ దీపావళి దాటాకే. ఆషాఢంలో కొత్త పనేంటని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, ఇది ట్రయల్ మాత్రమే అనండి. నిజం కూడా అదే కదా.