ఆఫీసులో అవుట్‌లుక్ తెరవగానే ఫోన్‌లో మెయిల్స్ మాయమవుతున్నాయి, సర్వర్‌లోనే ఉంచాలంటే ఎలా?

మీ ఫోన్‌కేమీ కాలేదు. ఆఫీసు కంప్యూటర్‌లో అకౌంట్ పాప్ పద్ధతిలో (మెయిల్స్ నిల్వ ఉండే సర్వర్ నుంచి వాటిని మీ కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) పెట్టి, ‘లీవ్ ఎ కాపీ ఆఫ్ మెసేజెస్ ఆన్ ద సర్వర్’ అన్న చోట టిక్ పెట్టకుండా వదిలేశారు. ఆ టిక్ లేకుండా ఒకరికి మెయిల్ సెట్ చేసి ఇవ్వడం పెద్ద తప్పని నేను గట్టిగా నమ్ముతాను. దాని ఫలితం మా ఇంట్లోనే చూశాం.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. మా మామయ్యకు ఇక్కడ బజార్లో హార్డ్‌వేర్ షాపు ఉంది. సరుకు విశాఖ నుంచి వస్తుంది, బిల్లులన్నీ మెయిల్‌కే వస్తాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాను కుదిపేసింది. షాపులోకి నీళ్లొచ్చి, బల్ల కింద ఉన్న సీపీయూ మునిగింది. కరెంటు లేదు, ఫోన్ ఛార్జింగ్ కోసం కూడా జనం పరుగులు తీశారు. ఇన్సూరెన్స్ వాళ్లు పాలసీ కాపీ, కొనుగోలు బిల్లులు అడిగితే మామయ్య ధైర్యంగానే ఉన్నాడు. “కంప్యూటర్ పోతే పోయింది, మెయిల్‌లో అన్నీ ఉన్నాయి కదా” అన్నాడు.

పాతపట్నంలో అక్క ఇంటికి వెళ్లి, బావ ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి లాగిన్ అయ్యాం. ఇన్‌బాక్స్‌లో తుఫాను తర్వాత వచ్చిన మెయిల్స్ మాత్రమే ఉన్నాయి. అంతకుముందువి ఒక్కటీ లేవు. ఎవరో హ్యాక్ చేశారని అత్తయ్య ఏడుపు. హ్యాకూ లేదు, ఏమీ లేదు. ఏళ్లుగా వచ్చిన ప్రతి మెయిల్‌నూ షాపు కంప్యూటర్ దించుకుని, సర్వర్ నుంచి తీసేస్తూ వచ్చింది. ఆ కంప్యూటర్ చచ్చిన రోజు నుంచి తీసేవాళ్లు లేరు కాబట్టి కొత్తవి మిగిలాయి. ఆ తర్వాత అత్తయ్య ఒక్కో హోల్‌సేల్ షాపుకీ ఫోన్ చేసి “బాబూ, పాత బిల్లు మళ్లీ పంపించండి” అని బతిమాలాల్సి వచ్చింది. కొందరు పంపారు. మూతపడ్డ షాపుల బిల్లులు మాత్రం ఎప్పటికీ దొరకలేదు.

లోపల జరిగేది ఇదీ. పాప్‌లో మీ ప్రోగ్రాం మెయిల్ దించుకున్నాక సర్వర్‌కు ‘డెలీ’ (తీసేయి) అని చెబుతుంది. ‘క్విట్’ చెప్పి బయటికి రాగానే సర్వర్ వాటిని తుడిచేస్తుంది. మామూలుగా అవి ట్రాష్‌లోకి కూడా వెళ్లవు. టిక్ పెడితే ఆ ‘డెలీ’ వెళ్లదు. మరి పాతవే మళ్లీ మళ్లీ దిగిపోతాయేమోనని కొందరు భయపడతారు. అక్కర్లేదు, ప్రతి మెయిల్‌కూ సర్వర్ ఒక గుర్తు ఇస్తుంది, దాన్నిబట్టి ఏది దించిందో ప్రోగ్రాం గుర్తుపెట్టుకుంటుంది.

పాత అవుట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, ఛేంజ్, మోర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ వరుసలో వెళ్తే ఆ టిక్ కనిపిస్తుంది. థండర్‌బర్డ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రాంలో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్. జీమెయిల్ అయితే సంగతి వేరు: అక్కడ మీ ప్రోగ్రాంలో టిక్ ఉన్నా లేకున్నా, జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ అండ్ పాప్ పేజీలో మీరు ఎంచుకున్నదే చెల్లుతుంది. ‘కీప్ జీమెయిల్స్ కాపీ ఇన్ ద ఇన్‌బాక్స్’ పెట్టుకోండి.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. ఆ టిక్ కిందే ‘14 రోజుల తర్వాత తీసేయి’ అని ఇంకొకటి ఉంటుంది. చాలామంది పైది చూసి సంతోషపడి, కిందది చూడరు. రెండు వారాల తర్వాత కథ మళ్లీ మొదటికే వస్తుంది. దాన్ని తీసేయండి.

“ఐమ్యాప్‌కి మారిపో, గొడవ వదులుతుంది” అని సలహా ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. ఐమ్యాప్ అంటే మెయిల్స్ సర్వర్‌లోనే ఉండి, అన్ని చోట్లా ఒకేలా కనిపించే పద్ధతి. ఫోన్, కంప్యూటర్ రెండూ వాడేవాళ్లకు అది మంచిదే, నేనూ అదే వాడతాను. కానీ అందులో పిల్లలు ఫోన్‌లో ఒక మెయిల్ డిలీట్ చేస్తే ఆఫీసులోనూ పోతుంది. కాపీ ఇంకోచోట ఉండాలంటే కంప్యూటర్‌లో పాప్, సర్వర్‌లో కాపీ, రెండూ ఉండాలి. షాపులవాళ్లకు నేను ఇదే చేసిపెడతాను. మెయిల్‌బాక్స్ నిండిపోతుందని టిక్ తీయించే హోస్టింగ్ వాళ్ల (సర్వర్‌లో స్థలం అద్దెకిచ్చేవాళ్ల) మాట వినకండి. నిండితే ఇంకొంత స్థలం కొనుక్కోవచ్చు, పోయిన బిల్లు కొనలేం.

మార్చాక మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి. అవుట్‌లుక్‌లోకి దిగాక బ్రౌజర్‌లో లాగిన్ అయి చూడండి. అక్కడ లేకపోతే అదే అకౌంట్ ఇంకో పాత ల్యాప్‌టాప్‌లోనో, అకౌంటెంట్ కంప్యూటర్‌లోనో టిక్ లేకుండా నడుస్తోందన్నమాట. ఒక్కచోట టిక్ లేకపోయినా అందరికీ పోతుంది, కాబట్టి ముందు దాన్ని వెతికి పట్టుకోండి.