సందేహాలు – సమాధానాలు: ధ్రువ సముద్రాల మంచు

సందేహం: ధ్రువ ప్రాంతపు సముద్రాల్లో బతికే జీవుల మీద ఒక సముద్రజీవ శాస్త్రవేత్త చేస్తున్న పరిశోధన గురించి మా బడి గోడపత్రికకు తెలుగులో ఒక పుట రాశాను. ‘సముద్రపు మంచు అడుగున నాచు పెరుగుతుంది, దాన్ని చిన్న రొయ్యలు తింటాయి’ అని రాస్తే, ఎనిమిదో తరగతి అమ్మాయి ‘మంచు గాల్లో కదా టీచర్ ఉండేది, దానికి అడుగేమిటి?’ అని అడిగింది. తోటి ఉపాధ్యాయులు ‘మంచు’ తీసేసి ‘హిమం’ పెట్టమంటున్నారు. ఏది సరైనది? అలాగే ‘ధృవ’ అనాలా, ‘ధ్రువ’ అనాలా? ‘పర్యావరణ వ్యవస్థ’ సరిపోతుందా? అంటార్కిటికాలోని మన దేశపు పరిశోధన కేంద్రాన్ని ‘దక్షిణ్ గంగోత్రి’ అని రాయవచ్చా? నేను రాసిన పుట జతచేస్తున్నాను.
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలన్నిటికంటే ముందు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలి. గుంటూరు పిల్లకు మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునేది, జాతీయ రహదారి మీద లారీలను ఆపేది, మామిడిపూతను మాడ్చేది. గడ్డిపరక మీద నిలిచిన బొట్టు కూడా మంచే. ‘మంచు పట్టింది’, ‘ఇంకా మంచు విడలేదు’, ‘మంచులో తిరగకు, జలుబు చేస్తుంది’ – ఇంట్లో వినే ఈ వాక్యాల్లో ఎక్కడా చేత్తో పట్టుకునే వస్తువు లేదు. చేత్తో పట్టుకునేదాన్ని ఆమె ఐసు అంటుంది. నిజాంపట్నం రేవులో చేపల మీద పోసేది ఐసు, చెరుకురసం గ్లాసులో వేసేది ఐసు. అందుకే మీ వాక్యం చదివి సముద్రం మీద పొగమంచును ఊహించుకుంది. ఆర్కిటిక్ సముద్రం మీద వేసవిలో నిజంగానే పొగమంచు దట్టంగా పడుతుంది కాబట్టి ఆ ఊహను తోసెయ్యడానికీ లేదు.

‘మంచు’ మాటకు ఈ వెడల్పు కొత్తగా వచ్చింది కాదు. కన్నడంలో మంజు, మలయాళంలో మఞ్ఞ్ ఇలాగే పొగమంచుకూ కొండమంచుకూ రెంటికీ చెల్లుతాయి. తమిళంలో ఇదే మాట మబ్బును కూడా చెబుతుంది. సంస్కృతంలోనైనా విడివిడి మాటలున్నాయేమో అని అమరకోశం తీస్తే, అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక – ఈ ఏడింటినీ ఒక్క వరసలో, ఒకే అర్థానికి కూర్చింది. ఆ వెంటనే ‘హిమానీ హిమసంహతిః’ అంటూ రాశిపడిన హిమానికి మాత్రం వేరే పేరు పెట్టింది. పాఠ్యపుస్తకాల్లోని హిమానీనదం ఆ ‘హిమాని’ నుంచి వచ్చిందే. చక్కటి మాట, దాన్ని కదపకండి. కానీ ‘మంచు’ తీసి ‘హిమం’ పెట్టినంత మాత్రాన అర్థం ఏమీ తేలదు. పిల్లకు తెలిసిన మాట పోయి తెలియని మాట వస్తుంది, అంతే.

ఇన్నాళ్ళూ తెలుగువాళ్ళకు ఈ మాటతో ఇబ్బంది రాకపోవడానికి కారణం, చోటును బట్టి అర్థం తెలిసిపోవడం. ప్రవరుడి కాలి పసరు హిమాలయపు మంచుకు కరిగిపోయిందంటే అది ఏ మంచో ఎవరూ అడగరు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి చోటు సాయపడదు. అందువల్ల ధ్రువ సముద్రాల గురించి రాసేటప్పుడు ‘మంచు’ను ఒంటరిగా వదలకూడదు. అది ఎక్కడ పుట్టిందో దాని ముందు చెప్పాలి. నా సలహా అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఎందుకంటే అక్కడ ఒకదానికొకటి పొత్తులేని మంచులున్నాయి. మొదటిది సముద్రపు నీరే గడ్డకట్టగా ఏర్పడేది. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి అది సున్నా దగ్గర గడ్డకట్టదు, సున్నాకు దిగువన 1.8 డిగ్రీల దాకా చల్లబడాలి. గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. మందం సాధారణంగా ఒకటి నుంచి మూడు మీటర్లు. రెండోది నేల మీద వేల ఏళ్ళుగా కురిసి, అణిగి, గట్టిపడినది. అది మంచినీటి మంచు. అంటార్కిటికా, గ్రీన్‌లాండ్ మీద ఉన్నది ఇదే, కొన్నిచోట్ల కిలోమీటర్ల మందం. మూడోది, ఆ నేలమంచు మెల్లగా జారి ఒడ్డు దాటి, సముద్రం మీదికి వచ్చి తేలుతూ నిలిచినది. ఇంటి గోడను అంటిపెట్టుకుని వీధి వైపుకు సాగిన అరుగులా ఉంటుంది కాబట్టి నేను దీన్ని ‘తేలే మంచు అరుగు’ అంటాను. ‘తేలే’ అన్నది వదలకూడదు, ఎందుకంటే అరుగు కింద నేల ఉంటుంది, దీని కింద నీళ్ళుంటాయి. అంటార్కిటికాలోని రాస్ అరుగు దాదాపు ఫ్రాన్స్ దేశమంత. 2002లో లార్సెన్-బి అనే అరుగులో 3,250 చదరపు కిలోమీటర్ల మేర కొన్ని వారాల్లోనే పగిలి చెదిరిపోయింది. అలా విరిగి కొట్టుకుపోయే ముక్కలే మీరు రాసిన మంచుకొండలు. ‘మంచుకొండ’ అనగానే మనవాళ్ళకు హిమాలయాలు గుర్తుకొస్తాయి, కాబట్టి మొదటిసారి రాసినప్పుడు ‘సముద్రంలో తేలే మంచుకొండ’ అనండి. ఆ తరవాత ఎలా రాసినా అర్థమవుతుంది.

ఇక మీకు కావలసింది మొదటి రకం. దీనికి మన దగ్గర నామవాచకం కన్నా క్రియ బాగుంది. నెయ్యి పేరుతుంది, పెరుగు తోడుకుంటుంది, పాకం ముదురుతుంది, రక్తం గడ్డకడుతుంది – ద్రవం గట్టిపడటానికి తెలుగు ఎన్ని క్రియలు దాచుకుందో చూడండి. సముద్రానికి ‘గడ్డకట్టు’ సరిగ్గా అతుకుతుంది. ‘సముద్రం గడ్డకడుతుంది’ అని మొదటి వాక్యంలో చెప్పేస్తే, తరవాత ‘ఆ మంచుగడ్డ’, ‘సముద్రపు మంచుగడ్డ’ అనుకుంటూ పోవచ్చు. దానికి అడుగు ఉంటుంది, అంచు ఉంటుంది, మందం ఉంటుంది. అమ్మాయి సందేహం అక్కడే తీరుతుంది. అది విరిగి బల్లపరుపుగా తేలే ముక్కను ‘మంచుతెప్ప’ అనవచ్చు. ‘హిమగడ్డ’ అని మాత్రం కూర్చకండి. సంస్కృత ప్రాతిపదికకు తెలుగు మాటను నేరుగా అంటించడాన్ని వ్యాకరణం ఒప్పుకోదు, చెవికీ ఇంపుగా ఉండదు.

ఈ తేడా గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ‘ధ్రువాల్లో మంచు కరిగి సముద్రమట్టం పెరుగుతోంది’ అని మనం తరచూ చదువుతాం. ఏ మంచు? నీటిలో ముందే తేలుతున్న సముద్రపు మంచుగడ్డ కరిగితే మట్టం పెరగదనే చెప్పాలి. పెరిగేది నేలమంచు సముద్రంలో కలిసినప్పుడు. గ్రీన్‌లాండ్ మీదిది మొత్తం కరిగితే సుమారు 7 మీటర్లు, అంటార్కిటికా మీదిది మొత్తం కరిగితే సుమారు 58 మీటర్లు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమకు ఎగువన ఉన్నవాళ్ళం మనం. మన పిల్లలు ఈ వార్తను సరిగ్గా చదవగలగాలి. సముద్రపు మంచుగడ్డ తగ్గడం వల్ల వచ్చే నష్టం వేరు, అదే మీ శాస్త్రవేత్త పరిశోధించే విషయం. తెల్లటి మంచుగడ్డ ఎండను తిప్పికొడుతుంది, అది లేకపోతే నల్లటి నీరు ఆ వేడిని తాగుతుంది. అంతకన్నా ముందు, దాన్ని అంటిపెట్టుకుని బతికే ప్రాణుల చోటు పోతుంది. అంటార్కిటికా చుట్టూ ఏటా ఫిబ్రవరిలో దాదాపు 30 లక్షల చదరపు కిలోమీటర్లుండే ఈ మంచుగడ్డ సెప్టెంబరుకల్లా దాదాపు కోటీ 80 లక్షలకు పెరుగుతుంది. ఆ ఖండం విస్తీర్ణం కన్నా ఎక్కువ. 2023లో చలికాలపు విస్తీర్ణం, ఉపగ్రహాలతో వరసగా కొలుస్తున్న 1979 నుంచి ఎన్నడూ లేనంతగా పడిపోయింది.

మీ పుటలో ‘మంచులోని ఉప్పునీటి కాలువల్లో’ అని ఉంది. విషయం సరైనదే: గడ్డకట్టేటప్పుడు బయటికి పోలేని ఉప్పునీరు లోపల సన్నని దారులు చేసుకుని నిలుస్తుంది. కానీ బెజవాడ, గుంటూరు వాళ్ళకు కాలువ అంటే బందరు కాలువ, ఏలూరు కాలువ. ఈ దారుల్లో కొన్ని వెంట్రుకంత సన్నం. ‘సందులు’ అనండి. అక్కడ పెరిగేదాన్ని ‘నాచు’ అనడం నాకు నచ్చింది, ‘శైవలం’ అక్కర్లేదు. కాకపోతే మన చెరువు మెట్ల మీది పచ్చటి జారుడు నాచు అనుకోకుండా ‘ఒంటికణపు నాచు’ అనండి. అందులో ఎక్కువ భాగం డయాటములు అనే రకం. అవి దట్టంగా పెరిగినచోట మంచుగడ్డ అడుగు గోధుమరంగుకు తిరుగుతుంది.

‘చిన్న రొయ్యలు’ మాత్రం మార్చాలి. మీ ఊళ్ళో చిన్న రొయ్యలంటే రొయ్యపొట్టు గుర్తుకొస్తుంది. మీరు చెప్పదలచుకున్నది క్రిల్ గురించి. అది రొయ్య కాదు, రొయ్యను పోలిన వేరే వర్గపు ప్రాణి. అంటార్కిటిక్ క్రిల్ ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అయిదారేళ్ళు బతుకుతుంది. దానికి తెలుగు పేరు వెతకనవసరం లేదు, పెంగ్విన్‌ను తెచ్చుకున్నట్టే క్రిల్‌నూ తెచ్చుకుందాం. మీరు రాసిన ‘పీతలు తినే సీల్’ కూడా చిక్కే. ఇంగ్లీషులో దాని పేరు అలాగే ఉంది, కానీ అది ముఖ్యంగా తినేది క్రిల్‌నే. ఇంగ్లీషు పేరులోని పొరపాటును మనం మక్కికి మక్కి తెలుగులోకి దించుకుంటే, పిల్లలు పరీక్షలో కూడా పీతలే రాస్తారు. ‘క్రిల్ తినే సీల్’ అని ధైర్యంగా రాయండి.

మీ పేరాను నేనైతే ఇలా రాస్తాను: ‘చలికాలంలో అంటార్కిటికా చుట్టూ సముద్రం గడ్డకడుతుంది. ఆ మంచుగడ్డలోని ఉప్పునీటి సందుల్లోనూ, దాని అడుగునా ఒంటికణపు నాచు పెరుగుతుంది. ఇతర తిండి దొరకని ఆ నెలల్లో క్రిల్ పిల్లలు ఈ నాచును గీక్కుని తిని బతుకుతాయి. క్రిల్‌ను పెంగ్విన్లు, సీళ్ళు, తిమింగలాలు తింటాయి. సముద్రం గడ్డకట్టడం తగ్గితే ముందు నాచుకు చోటు తగ్గుతుంది, ఆ తరవాత క్రిల్‌కు తిండి తగ్గుతుంది.’

‘ధ్రువ’ సరైన రూపం. కదలనిది, స్థిరమైనది అని అర్థం. ధృతి, ధృతరాష్ట్రుడు అన్నచోట ఋకారం ఉండాలి. ధ్రువ నక్షత్రం, ధ్రువ సముద్రం, ధ్రువీకరణ పత్రం అన్నచోట రేఫతో ఉకారం ఉండాలి. తెలుగువాళ్ళం ఋకారాన్ని ‘రు’గా పలుకుతాం కాబట్టి చెవికి తేడా తెలియదు, రాతలోనే జాగ్రత్తపడాలి.

‘పర్యావరణ వ్యవస్థ’ బదులు మీ పాఠ్యపుస్తకంలోని ‘ఆవరణ వ్యవస్థ’నే వాడండి. పర్యావరణం అంటే చుట్టూ ఉన్నది. మీరు చెబుతున్నది నాచు, క్రిల్, తిమింగలం, మంచుగడ్డ, ఎండ అన్నీ ఒకదానిమీద ఒకటి ఆధారపడటం గురించి.

కేంద్రాల పేర్లు సంస్కృత పదాలే కాబట్టి తెలుగు పద్ధతిలో రాయాలి. ‘దక్షిణ్’ హిందీ ఉచ్చారణ. మనకు ‘దక్షిణ గంగోత్రి’. మన దేశపు తొలి అంటార్కిటికా యాత్ర 1981లో బయల్దేరింది. దాని నాయకుడు ఎస్.జెడ్. ఖాసిం సముద్రజీవ శాస్త్రవేత్తే కాబట్టి, ఆయన పేరు మీ పుటలో చేర్చవచ్చు. 1983–84లో కట్టిన దక్షిణ గంగోత్రి నిలిచింది పైన చెప్పిన తేలే మంచు అరుగు మీదే, తరవాత మంచులో కూరుకుపోయింది. 1989 నాటి మైత్రి రాతినేల మీద ఉంది, 2012లో భారతి వచ్చింది. ఆర్కిటిక్ ప్రాంతంలో 2008లో తెరిచిన దాని పేరు హిమాద్రి. దీనికి మాత్రం ప్రతిసారీ ‘కేంద్రం’ అని చేర్చి ‘హిమాద్రి కేంద్రం’ అని రాయండి, ఎందుకంటే తెలుగులో వట్టి హిమాద్రి అంటే హిమాలయమే.