ఒకటో తారీఖు దాకా ఆగమంటే పన్ను ఆగుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పళ్ల గురించి, మిగతా సగం డబ్బుల గురించి. విప్పి చదివితే అన్నీ ఒకటే ఉత్తరంలా ఉన్నాయి. ముందే చెబుతున్నా, నేను డాక్టర్ని కాదు. ఏళ్ల తరబడి ఒక ఆఫీసులో జీతాల బిల్లులు రాశాను, రెండు దవడ పళ్లు పోగొట్టుకున్నాను. నా అర్హతలు ఇంతే.

ప్రశ్న: అక్కా, నాకు 31. కూకట్‌పల్లిలో ఒక మొబైల్ షాపులో సేల్స్. కింది దవడ పన్ను పదిహేను రోజులుగా, పడుకుంటే చాలు, ఒకటే పోటు. క్లినిక్‌లో రూట్ కెనాల్, క్యాప్ కలిపి 9,500 అన్నారు. జీతం 20 వేలే. కటింగులు, రూమ్ అద్దె, బైక్ ఈఎమ్‌ఐ, ఇంటికి పంపేది పోతే 20వ తారీఖుకల్లా ఖాళీ. మా డిగ్రీ ఫ్రెండ్స్ గ్రూపులో చెబితే ఒకడు లవంగ నూనె అన్నాడు, ఒకడు పీకించేస్తే ఐదొందలతో పోద్ది అన్నాడు, ఇంకొకడు రూట్ కెనాల్ అంతా డబ్బులు లాగే వ్యవహారం అన్నాడు, ఒకడైతే ఐదు నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్ లింకే పంపాడు. ఎవరి మాట వినాలి? అయినా రెండు రోజులుగా నొప్పి తగ్గింది. ఒకటో తారీఖు దాకా ఆగనా?

జవాబు: తమ్ముడూ, నొప్పి తగ్గిందని చివర్లో ఒక ముక్క రాశావు చూడు, నాకు భయమేసింది అక్కడే. చల్లటిది తాగినప్పుడు జివ్వుమని వెంటనే పోతే అదొక రకం. తాగేశాక కూడా చాలాసేపు లాగుతూ, పడుకుంటే ఎక్కువవుతుంటే పుచ్చు లోపలి నరం దాకా వెళ్లి ఉండొచ్చు. అలాంటి నొప్పి ఉన్నట్టుండి మాయమైతే చాలాసార్లు అది నయమై కాదు, లోపల నరం చచ్చిపోయి. చీము మాత్రం వేరు చివర పడుతూనే ఉంటుంది. మొహం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా జీతం సంగతి పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తు.

ఇక నీ ఫ్రెండ్స్. లవంగ నూనె వాడు పూర్తిగా తప్పు కాదు, అందులో ఉండే యూజినాల్ కాసేపు మొద్దుబారుస్తుంది, కానీ పుచ్చును పూడ్చదు. దూదికి ఒక్క చుక్క చాలు, చిగురుకు ఎక్కువగా అంటితే మండి తోలు లేస్తుంది. నొప్పి మాత్ర ఖాళీ కడుపుతో వద్దు, దాన్ని నూరి పన్ను మీద అద్దడం అసలే వద్దు. మెడికల్ షాపులో అడిగి నాలుగు యాంటీబయాటిక్‌లు మింగితే వాపు తగ్గినట్టుంటుందేమో గానీ చచ్చిన నరం అక్కడే ఉంటుంది కదా.

పీకించెయ్ అన్నవాడి మాట నేను 2009లో విన్నాను. అప్పుడు మా ఇంట్లో స్కూలు ఫీజులు, నా పన్ను ఒకే నెలలో మీద పడ్డాయి, ఫీజులు గెలిచాయి. పీకేసి పంపించారు, హాయిగా ఉంది అనుకున్నా. కొన్నేళ్లకి పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది, పైపన్ను కిందికి దిగింది, మధ్యలో ఇరుక్కున్న మాంసం పీచు, కంది పప్పు తొక్కు తీయలేక పెళ్లి భోజనాల్లో పమిట అడ్డం పెట్టుకుని నాలుకతో తిప్పలు పడేదాన్ని. ఆ ఒరిగిన పన్ను కూడా పుచ్చి పోయింది. ఒక పన్ను ఖర్చు మిగుల్చుదామనుకుని రెండు పళ్లు పోగొట్టుకున్నాను. నిలబెట్టలేని పన్నయితే పీకాల్సిందే, కాదనను. కానీ చవక అని మాత్రం పీకించకు.

రూట్ కెనాల్ అంటే పన్ను లోపలి చెడిన నరం తీసి, శుభ్రం చేసి పూడ్చడం. అది మోసమన్నవాడికి బహుశా ఎవరో అవసరం లేకుండా చేసి ఉంటారు. అలాంటివాళ్లూ ఉంటారు, అందుకే ఎక్స్‌రే తీయించుకుని పుచ్చు ఎక్కడిదాకా పోయిందో వేలు పెట్టి చూపించమని అడుగు. క్యాప్, అదే పంటి మీద తొడుగు, ఎందుకంటే, ఇప్పటికే పుచ్చి, పైగా తొలిచిన దవడ పన్ను గుల్లగా ఉంటుంది, ఏ పల్లీ పట్టీ కొరికినప్పుడో నిలువునా చీలుతుంది. వెనక పన్నే కాబట్టి మెటల్ క్యాప్ సరిపోతుందా అని మొహమాటపడకుండా అడుగు, పంటి రంగులో ఉండే జిర్కోనియా క్యాప్ కంటే బాగా తక్కువలో అవుతుంది. సిట్టింగుకి కొంత చొప్పున ఇస్తానంటే చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. కూరగాయల దగ్గర ఐదు రూపాయలకి గీచి గీచి బేరమాడే మనం డెంటల్ కుర్చీలో పడుకోగానే నోరు పడిపోతుంది, తెరిచే ఉన్నా సరే!

నీ గ్రూపులో ఒక్కడూ అడగని ప్రశ్న నేను అడుగుతా: పే స్లిప్ చూసుకున్నావా? నెలకి 21 వేల లోపు జీతమైతే, మీ షాపు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, కిందికి వస్తే, నీకు అది ఉండాలి. నీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 20 వేలకి నీ జీతంలో పోయేది 150 రూపాయలు. ఆ 150 కటింగు ఉంటే నీకో ఇన్సూరెన్స్ నంబరు ఉన్నట్టే, ఇంట్లోవాళ్లకి కూడా వైద్యం ఉన్నట్టే. నేను బిల్లులు రాసే రోజుల్లో ఆ కటింగు చూసి తిట్టుకున్నవాళ్లే గానీ డిస్పెన్సరీ ఎక్కడా అని అడిగినవాళ్లు నలుగురు లేరు. నీ డిస్పెన్సరీకి వెళ్తే దంత విభాగం ఉన్నచోటికి రాసిస్తారు. అక్కడ ఏమేం చేస్తారు, క్యాప్ కూడా ఇస్తారా అన్నది ముందే కనుక్కో. ఈఎస్ఐ లేదంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి, రెండు మూడు సెలవులు పోతాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, క్లినిక్ కంటే తక్కువ తీసుకుంటారు.

యాప్ లింకు పంపినవాడిని ఏమనాలో తెలియట్లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లోన్ డబ్బు బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఖాతా నుంచి నేరుగా నీ ఖాతాలోకి రావాలి, యాప్ నీ కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదు. ఇన్‌స్టాల్ చేయగానే కాంటాక్టులు అడిగిందంటే అక్కడే తీసెయ్. క్రెడిట్ కార్డూ అంతే, మినిమమ్ కడుతూ పోతే నెలకి 3, 3.5 శాతం దాకా పడుతుంది, ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం కదా.

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. పాపకి 13 ఏళ్లు, పళ్లకి క్లిప్పులు వేయాలి, 40 వేలు అన్నారు. లక్ష రూపాయల చీటీ వేస్తున్నాను, నెలకి 5 వేలు, ఇరవై నెలలు. ఇది నాలుగో నెల. ఇప్పుడు పాడితే 70 వేలు చేతికొస్తాయి. మావారు వద్దంటున్నారు.

జవాబు: చెల్లీ, ఈసారికి మీవారే కరెక్టు. 40 వేల అవసరానికి 30 వేలు వదిలేస్తావా? ఆ తగ్గింపు ఇరవైమందికీ పంచుతారు, నీకు తిరిగొచ్చేది అందులో ఒక్క వాటా, మిగతా పదహారు నెలలు కట్టడం ఎటూ తప్పదు. క్లిప్పులు ఏడాదిన్నర, రెండేళ్ల పని, నెలనెలా వెళ్లి బిగించుకోవాలి. ముందు కొంత, ఆపైన వెళ్లినప్పుడల్లా కొంత అని డాక్టర్ని అడుగు, చాలాచోట్ల అలాగే తీసుకుంటారు. చీటీ రిజిస్టర్ అయిందా, లేక వీధి చివర ఆవిడ నోట్‌బుక్‌లో రాసుకునేదా? అది రాయలేదు నువ్వు. నోట్‌బుక్ చీటీ అయితే ఈ 30 వేల లెక్క కంటే అదే పెద్ద టెన్షన్.

ప్రశ్న: 2024లో బీటెక్ అయింది. అమీర్‌పేటలో కోర్సు చేశాను. ఒక కన్సల్టెన్సీ లక్షన్నర కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం అంటోంది, ఫ్రెండ్స్ కట్టెయ్ అంటున్నారు. బైక్ మీంచి పడి ముందు పన్ను సగం విరిగింది, ఇంటర్వ్యూలో నోరు తెరవాలంటే సిగ్గు. నాన్న అప్పు తెస్తానంటున్నాడు.

జవాబు: ఉత్తరం మళ్లీ చదువుకో బాబూ. లక్షన్నర గురించి ఐదు మాటలు రాశావు, పన్ను గురించి రాసేటప్పటికి చేతిరాతే మారిపోయింది. లోపలి నరం బాగుంటే విరిగిన ముందు పన్నుకి పంటి రంగు కాంపోజిట్ అనే పూడ్చే పదార్థంతో చాలాసార్లు ఒకే సిట్టింగులో అతుకుతారు, లక్షన్నరలో అదెంతని! విరిగి ఎన్నాళ్లయినా ముందు ఎక్స్‌రే తీయించు, ఎందుకంటే దెబ్బ తగిలిన పన్ను నరం నెమ్మదిగా చచ్చి రంగు మారుతుంది. ఇక ఆ కన్సల్టెన్సీ. బ్యాక్‌డోర్ అంటే చాలావరకు దొంగ అనుభవం పత్రాలే, వాటితో చేరితే వెరిఫికేషన్‌లో దొరికిన రోజే పంపేస్తారు, డబ్బు తీసుకున్నవాడు ఫోన్ ఎత్తడు. కట్టొద్దని మీ నాన్నకి ఈ పేజీ చూపించు. అద్దం ముందు కాదు, ఎవరైనా మనిషి ముందు కూర్చుని నోరు తెరిచి నాలుగు మాక్ ఇంటర్వ్యూలు చెయ్యి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా డెంటల్ ఇన్సూరెన్స్ ఏడాదికి 1,500 డాలర్లు దాటి ఇవ్వదు. మూడు వారాలకి విజయవాడ వస్తున్నాను, ఒక రూట్ కెనాల్, ఒక ఇంప్లాంట్ అయిపోతాయా?

జవాబు: రూట్ కెనాల్, క్యాప్ అవుతాయండీ, కానీ దిగిన మొదటి వారంలోనే కుర్చీ ఎక్కండి. పెళ్లిళ్లు, తిరుపతి, షాపింగ్ అన్నీ అయ్యాక ఆఖరి నాలుగు రోజుల్లో వెళ్లి డాక్టర్ని తొందరపెట్టొద్దు. ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూ దింపి దాని మీద పెట్టే పన్ను, మాత్రం మామూలుగా ఒక్క ట్రిప్పులో తేలదు, స్క్రూ ఎముకకి పట్టడానికే నెలలు పడుతుంది. ఎక్స్‌రేలు, వాడిన ఇంప్లాంట్ కంపెనీ, సైజు వివరాలు రాయించుకుని వెళ్లండి, అక్కడ ఏదైనా తేడా వస్తే వాళ్లు మొదట అడిగేది అవే.

ప్రశ్న: పన్ను పీకించుకోవాలని నా రూమ్మేట్ 3 వేలు చేబదులు తీసుకున్నాడు. రెండు నెలలైంది. నిన్న స్టేటస్‌లో మటన్ మండీ ఎముక కొరుకుతూ కనిపించాడు. అడిగితే బాగుండదేమో?

జవాబు: నిన్న స్టేటస్‌లో మటన్ మండీ ఎముక కొరుకుతూ కనిపించాడని నువ్వే రాశావు. పన్ను బాగానే ఉన్నట్టుంది, అడుగు. స్టేటస్ కింద కాదు, విడిగా.