బాబు గాయానికి కట్టు కట్టి పంపారు, మావారినెందుకు ఆస్పత్రిలో ఉంచారు?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. గత వారం మా రెండేళ్ల బాబు సాంబారు గిన్నె లాగడంతో మోచేతి దగ్గర కాలి బొబ్బలొచ్చాయి. మా అత్తగారు టూత్‌పేస్టు పూశారు. ఆస్పత్రిలో కట్టు కట్టి పంపేశారు. రెండు నెలల కిందట పొలంలో మోటారు స్టార్టరు దగ్గర షాక్ కొట్టి మావారి అరచేతిలో చిన్న మచ్చ పడితే మాత్రం రెండు రోజులు ఉంచారు. ఎందుకీ తేడా?
- ఒక పాఠకురాలు

జవాబు: కాలిన గాయాన్ని పైకి కనిపించే మచ్చను బట్టి మాత్రమే అంచనా వేయలేం, దేనివల్ల కాలింది, ఎంత లోతుకు దిగింది అన్నవీ చూడాలి. కరెంటు అరచేతిలో ప్రవేశించి మరోచోట బయటికి పోయేలోగా దారిలోని కండరాలను, నరాలను, రక్తనాళాలను కాల్చగలదు. గుండె లయ తప్పవచ్చు, దెబ్బతిన్న కండరాల నుంచి వెలువడే పదార్థాలు మూత్రపిండాలకు హాని చేయవచ్చు. ఈసీజీ తీసి, మూత్రం రంగు గమనిస్తూ ఉంచేది అందుకే.

చిన్న పిల్లల్లో ఎక్కువగా చూసేవి వేడి ద్రవాలతో కాలిన గాయాలు. వారి చర్మం పలుచన కాబట్టి 60 డిగ్రీల నీళ్లు సైతం కొద్ది సెకన్లలో లోతుగా కాలుస్తాయి. మన వైపు బెల్లం వండేచోట మరిగే పాకం ఇంకా ప్రమాదం, ఒంటికి అంటుకుపోయి వేడిని వదలదు. పెద్దల్లో మంటలు, గ్యాస్ లీకు, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వంటి కారణాలు ఎక్కువ.

చర్మం ఎర్రబడి మండితే పైపొర మాత్రమే కాలినట్టు, బొబ్బలొస్తే దాని కింది పొర కూడా కాలినట్టు. తెల్లగానో నల్లగానో తోలులా గట్టిపడి నొప్పే తెలియకపోతే నరాల కొసలు కూడా కాలిపోయాయని అర్థం. నొప్పి లేదు కదా అని చాలామంది ఆలస్యం చేసేది ఇలాంటి గాయాలకే.

మీ అత్తగారిని తప్పుపట్టను, మా ఇంట్లో ఇంకు పోసేవారు. అయితే పేస్టు గాయాన్ని చల్లార్చదు, పైగా లోతు కనబడకుండా కప్పేస్తుంది. వేడి వస్తువులతో కాలినప్పుడు కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. మూడు గంటల్లోపు ఎప్పుడు చేసినా ఉపయోగమే. ఐసు పెట్టకూడదు, బొబ్బలు చిదపకూడదు. బిడ్డ అరచేయి వేళ్లతో కలిపి ఒంట్లో సుమారు 1 శాతం. అలాంటివి పది అరచేతులంత కాలినా, ముఖం, చేతులు, మర్మాంగాలు ఏమాత్రం కాలినా 108కు ఫోన్ చేయండి.

బాబుకు జ్వరం, చీము, దుర్వాసన కనిపిస్తే వెంటనే చూపించండి. అవేవీ లేకున్నా రెండు వారాలకు గాయం మానకపోతే తిరుపతిలో ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి. మోచేతి మడత దగ్గర మచ్చ బిగుసుకుంటే చెయ్యి పూర్తిగా చాపలేడు.